అవ్వ విప్పిన కువైట్ మూట

నా చిన్నప్పుడు నన్ను సాకింది మా అవ్వ. ఆమె పోయిన రోజు మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఏమంత గొప్పవి కావు. “అన్నం తింటావా అవ్వా?” అన్నాను. “నువ్వు తినుపో పాపా, నాకు ఆకలి కాలేదు” అనింది. అంతే. కానీ ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది కువైట్ మూటలు విప్పిన రోజు. నాకు అక్షరాలు సరిగా రావు, నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

మాది కడప పక్క పల్లె. పక్కింటి అక్క మొగుడు నాపరాళ్ల గనిలో పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరు పసిపిల్లలు. కువైట్‌లో ఇంటిపనికి పోవడం తప్ప అక్కకు దారి లేకపోయింది. ఆమె పాస్‌పోర్టు, ఆమెను పంపిస్తున్న ఏజెంటు దగ్గరే ఉండింది. ఎవరైనా కువైట్‌కు పోతున్నారంటే వీధంతా అక్కడున్న తమవాళ్లకు మూటలు కట్టి ఇచ్చేది. ఊరగాయ, చింతపండు, పప్పులపొడి. ఒకరి మూట ఇంకొకరు విప్పితే అనుమానించినట్టే, అందుకని ఎవరూ విప్పేవాళ్లు కారు. ఏజెంటు కూడా అక్కడున్న తన తమ్ముడికని ఒక పొడి మూట గుడ్డలో కుట్టించి పంపాడు.

బయల్దేరే పొద్దున మా ఇంట్లో అక్క పెట్టె సర్దుతూ అవ్వ ఆ మూట ఎత్తి ఆగిపోయింది. పొడికి అంత బరువేమిటి? నన్ను లోపలికి పిలిచి, తలుపేసి, కుట్లు విప్పింది. పొడిలో లావు గాజులు, మీగడ రంగువి. వాళ్లమ్మ నాటి దంతపు కుంకుమ భరిణె తెచ్చి పక్కన పెట్టి చూసింది. రెండింటి మీదా ఒకదాన్నొకటి కోసుకునే అవే సన్నటి గీతలు. గాజులూ ఏనుగు దంతమే.

ఏనుగు దంతం వ్యాపారాన్ని సర్కారు ఆపేసిందని, దేశాలన్నీ కలిసి సరిహద్దు దాటించకూడదని కట్టడి పెట్టాయని రేడియోలో చెప్పేవాళ్లు. ఏనుగు మొహం చూడని మా ఊరికి ఆ కట్టడితో పనేముందని నవ్వుకునేవాళ్లం. ఆ పొద్దు అవ్వ నవ్వలేదు.

“ఇది దొరికితే పట్టుకపోయేది అక్కనే. పిల్లోళ్లు ఏమైపోతారు?” అనింది. తిరిగి ఇచ్చేస్తే వాడు పాస్‌పోర్టు ఇవ్వడు. మళ్లీ కుట్టేసి, నన్ను నోరు మెదపొద్దంది.

ఏజెంటు వచ్చాడు. నేను నీళ్లిస్తూ సగం వాడి కాళ్ల మీదే పోశాను. “ఏం పాపా, జరమొచ్చిందా?” అని నవ్వాడు. అవ్వ మాత్రం నిదానంగా పాస్‌పోర్టు అడిగి తీసుకుంది, దేవుడి దగ్గర పెట్టి ఇస్తానని. దానికి బొట్టు పెట్టి అక్క చేతికిచ్చింది. అక్క దాన్ని రవికెలో దాచుకుంది. అప్పుడు అవ్వ మూటలన్నీ వాకిట్లో మంచం మీద పెట్టి, ఇచ్చినవాళ్లందరినీ పిలిచింది.

“ఇది మా ఇంటి ఆచారమప్పా. దూరం పోయే మూటను ఇచ్చినోళ్లే విప్పి చిటికెడు నోట్లో ఏసుకోవల్ల.”

అలాంటి ఆచారం మా ఇంట్లో లేదు. అది నాకు తెలుసు. అయినా ఒక్కొక్కరే విప్పి రుచి చూశారు. ఏజెంటు వంతు వచ్చింది. వాడు మూట వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. తమ్ముడు ఈ నెలలోనే ఊరికొస్తున్నాడు, మరిచేపోయానంటూ మూట చంకన పెట్టుకున్నాడు.

“చిటికెడు పొడి పెట్టనీకి ఇంత పిసినారితనమా అప్పా?” అని ఒకామె వెనక నుంచి అనింది. అందరూ నవ్వారు. వాడు తిరిగి చూడకుండా పోయాడు.

వాడెందుకు అలా పోయాడో మా ఇద్దరికే తెలుసు. వాడు పగబడతాడేమోనని, అక్కను దారిలో ఆపేస్తారేమోనని, ఆమె చేరిందన్న కబురు వచ్చేదాకా నాకు అన్నం దిగలేదు. అందరి ముందూ వాడి గుట్టు ఎందుకు బయటపెట్టలేదని అవ్వను అడిగాను.

“అరిస్తే మనం గెలుస్తాం పాపా. కానీ పోలీసులు, కేసు అంటారు, అక్క ఈడనే ఉండిపోతాది.”

ఆ పొద్దు వాడు పోయాక అవ్వ తలుపు వెనక కూర్చుంది. బయట అడుగుల చప్పుడైనప్పుడల్లా వాడేనేమోనని సందులోంచి తొంగి చూసింది. భయపడుతూనే ఇంత చేసిందని అప్పుడు తెలిసింది నాకు. మా ఆయన పోయాక ఎన్నోసార్లు భయపడ్డాను. భయం తగ్గాక చూద్దాంలే అని మాత్రం ఏ పనీ ఆపలేదు.

రాసినావా పాపా? ఏదీ, నాకొకసారి చదివి వినిపించు.