తాడు పట్టినవాళ్ళ చేప

మా బీచ్ పక్కనున్న పేట ఒకప్పుడు సిసిలీ నుంచి అమెరికా వచ్చిన జాలర్లది. ఇప్పుడక్కడ అన్నీ కాండోలే, ఖరీదైన అపార్ట్‌మెంట్లు. మిగిలిన ఒక్క ముసలి జాలరి ఓ పొద్దున పడవను ఇసుక మీదికి లాగుతుంటే నేనూ తాడు పట్టాను. భీమిలిలో మా అమ్మమ్మ వాళ్ళ పద్ధతే ఆయనదీ: తాడు పట్టినవాళ్ళకి చేప ఇవ్వాల్సిందే. నాకూ ఒకటిచ్చాడు.

దాన్ని అక్కడే కడుగుతుంటే, ఆ కాండోల్లో ఉండే తెలుగు ఆంటీ, మొన్న మా ఇంట్లో చేపల పులుసు మారు వడ్డించుకున్నావిడ, పరుగున వచ్చింది.

"ఏంటమ్మా ఇది? నైబర్స్ చూస్తే మన పరువేం కాను? ఇంటికెళ్ళి క్లీన్ చేసుకో."

నాకు ఒళ్ళు మండింది. "తింటే పోని పరువు కడిగితే పోతుందా ఆంటీ?"

ముసలాయనకు తెలుగు రాదు. అయినా నవ్వి, తన కత్తి నా చేతికిచ్చాడు. ఆవిడ ఎదుటే కూర్చుని చేప పొట్ట కోశాను.