తెల్ల కర్ర బొమ్మా, మా వదినా

ఆయన ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే క్యారేజీ కట్టడం నా పని. అందులో ఒక గిన్నెకి మూత సరిగ్గా పట్టేది కాదు, రోజూ దానితో కుస్తీ. ఆయన పోయాక ఆ వేళకి నా చేతులకి పనే లేకుండా పోయింది. ఇప్పుడు సరిగ్గా ఆ వేళకే ఫోను టింగుమంటుంది. తెరిస్తే తెల్ల కర్ర పట్టుకుని నడిచే మనిషి బొమ్మ. పక్కన అక్షరం ముక్క ఉండదు. పంపేది మా వదిన, ఆయనకి అక్క.

మా వదినకి పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఆవిడ ఫోను అన్నీ పైకి చదివి వినిపిస్తుంది. అందులో ఆ బొమ్మ ఉందని తెలిసిన రోజు నుంచీ ఏ కబురు పంపినా చివర అది ఉండాల్సిందే. పాలు విరిగాయి, బొమ్మ. జీతం పడింది, బొమ్మ. ఎదురింటావిడకి మనవడు పుడితే శుభాకాంక్షలు, మళ్ళీ బొమ్మ. పాపం ఆవిడ హడలిపోయి ఫోను చేసింది.

"మా పిల్లాడి కళ్ళు బాగానే ఉన్నాయండీ!"

"ఉండనీవమ్మా. నేను చూడ్డానికి వస్తున్నానని పెట్టా," అంది వదిన.

ఒకసారి నన్ను కూర్చోబెట్టి ఆరా తీసింది.

"ఏమే, ఆ బొమ్మ ఎటు నడుస్తోంది?"

"ఎడమకి వదినా."

"అమ్మయ్య! అయితే చివర పెట్టడమే రైటు. మాటలోకి నడిచొస్తున్నట్టుంటుంది. ముందు పెడితే అలిగి పోతున్నట్టుండదూ?"

మా చుట్టాలందరికీ ఫోనులో ఒక గ్రూపుంది. మా మరిది ఓసారి "స్కూటర్ తాళం కనపడట్లేదు" అని రాసి ఆ బొమ్మ పెట్టాడు. క్షణంలో గ్రూపులో వదిన గొంతు మోగింది.

"ఒరేయ్, రెండు కళ్ళున్నాయి, వెతుక్కో! బొమ్మ తియ్యి."

"అది చూపు లేనివాళ్ళ బొమ్మేగా అక్కా?"

"కర్ర ఎందుకు పట్టుకుంటాంరా, కూర్చోడానికా? అది బయల్దేరినవాళ్ళ బొమ్మ!"

మరిది ఆ బొమ్మ తీసేసి దండం బొమ్మ పెట్టాడు.

"ఆ దండం ఎవరికి, తాళానికా?"

ఆయన పోయాక నేను గేటు దాటలేదు. సరుకులు ఇంటికే తెప్పించుకునేదాన్ని. వచ్చినవాళ్ళు బతిమాలారు, కోప్పడ్డారు, ఇలాగే ఉంటే మంచం పడతావన్నారు. వదిన మాత్రం ఓ పొద్దున బొమ్మ పంపి, వెంటనే ఫోను చేసింది.

"డ్యూటీకి బయల్దేరా. మీ వీధి మలుపులో రోడ్డు దాటాలి. ఈమధ్య బళ్ళు ఎక్కువై భయమేస్తోందే. కాస్త వచ్చి చెయ్యి పట్టుకో."

చూపు లేని మనిషి నోరు తెరిచి అడిగితే కాదనేదెలా? వెళ్ళి దాటించి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లో పడ్డాను. మర్నాడూ బొమ్మ వచ్చింది. ఇక రోజూ అంతే.

మొన్న బొమ్మ వచ్చీరాగానే గబగబా వెళ్ళాను. మలుపు తిరిగేసరికి వదిన కర్ర టకటకలాడించుకుంటూ రోడ్డు దాటేస్తోంది! అడ్డొచ్చిన వ్యాను మీద కర్రతో ఒక్కటిచ్చి, "హారన్ కాదు నాయనా, బ్రేకు నొక్కు!" అంది. అవతలి మందుల షాపులో దగ్గు బిళ్ళలు కొంది. ఒకటి బుగ్గన పెట్టుకుంది. అదే జోరుతో వెనక్కి దాటి, మలుపులో పాపం మొహం వేసుకుని నిలబడింది.

దగ్గరికెళ్ళాను.

"చూశాను వదినా."

"నేను చూళ్ళేదే," అంది బిళ్ళ చప్పరిస్తూ.

"ఇన్నాళ్ళూ నన్ను బయటికి లాగడానికేనా ఈ నాటకం?"

"సగం అదే. తమ్ముడు పోయాక నాకు మాత్రం గడప దాటబుద్ధయిందనుకున్నావా? చివర్న ఒక చెయ్యుంటుందంటే బయల్దేరా. సరే, గుట్టు తెలిసిపోయిందిగా. ఇంటికి పోతావా, ఆసుపత్రి దాకా వస్తావా? డ్యూటీకి ఇంకా టైముంది, అక్కడ టీ బావుంటుంది."

"బట్టలు పిండి బకెట్లో వదిలేసొచ్చా వదినా. ఆరెయ్యాలి."

"ఎవరివి?"

"నావే."

"నీవే అయితే ఎవరూ అడగరులే. పద."

రోడ్డు దాటాం. ఈసారి దాటించింది ఆవిడే. బళ్ళన్నీ బుద్ధిగా ఆగాయి.

క్యాంటీన్లో కిటికీ పక్కన కూర్చున్నాం. బయట ఎండ ఫెళఫెళ కాస్తోంది. ఎంత మందపాటి బట్టయినా గంటలో ఆరిపోయే ఎండ. వదిన ఇంకో టీ చెప్పమంది.

రెండు చెప్పాను.