చివర తినేవాడు

కారణం అడగకుండా మీరెవరినైనా దోషిని చేశారా? నేను చేశాను.

అమెరికాలో మా హెర్న్‌డన్ ఊరి తెలుగువాళ్ల విందులకు ఒకతను వచ్చేవాడు. అక్కడే పుట్టి, అమెరికా సేనల్లోని మెరైన్ పదాతి బెటాలియన్‌లో ఒక జట్టును నడిపే సార్జెంట్‌గా పనిచేసినవాడు. అందరూ తిన్నాకే ప్లేటు అందుకునేవాడు. అది మడి అనుకున్నాను.

"మాతో కలిసి తింటే మైలపడతావా?" అని ఒకరోజు అందరి ముందూ నిలదీశాను.

"మైల అంటే ఏంటి అంకుల్?" అన్నాడు అయోమయంగా. వాళ్లమ్మ చెవిలో చెప్పింది. అతని ముఖం ఎర్రబడింది.

"నో అంకుల్! వార్‌లో షిప్ దిగి బీచ్ మీదికి వెళ్లేది ఫస్ట్ మా మెరైన్సే. ఫుడ్‌కి మాత్రం జూనియర్స్ ఫస్ట్, లీడర్స్ లాస్ట్. మా బెటాలియన్‌లో మొదట్నుంచీ అంతే."

సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే నా చేతిలో రెండోసారి నింపుకున్న ప్లేటుంది. అతను ఖాళీ పులిహోర గిన్నె గీకి తిని వెళ్లాడు. మళ్లీ రాలేదు. నేను క్షమాపణ కూడా చెప్పలేదు.

ఈసారి విందులో మీరు వరుస చివరికి వెళ్లండి. అక్కడున్న మనిషిని నిందించే ముందు కారణం అడగండి.