ముఖం కోసం మార్చిన మందు

మా ఆయన అన్న, అంటే నాకు బావ, నాకు పెట్టిన గడువు ఆరు నెలలు. మా ఆయన పోయిన పదకొండో రోజు చుట్టాలంతా కూర్చుని ఉండగా ఆ మాట అన్నాడు. మా ఆయన ట్యాంకర్ లారీ డ్రైవరు. పటాన్‌చెరు నుంచి బొంబాయి దాకా తిరిగేవాడు. ఆయన ప్రాణం తీసింది హెచ్ఐవీ అని ఆసుపత్రిలో చెప్పారు. నాకూ పరీక్ష చేశారు. నాకూ ఉంది.

“ఎట్లన్న ఆర్నెల్ల మనిషివి. నీకు భూమెందుకు? మా పోరని పేరు మీద రాసియ్యి. నీ దినాలు మంచిగ జేస్త,” అన్నాడు బావ.

జోగిపేట దగ్గర మా అత్తవారి ఊళ్లో, చనిపోయిన మామ పేరు మీద మూడెకరాలున్నాయి. అందులో సగం మాది. మాకు పిల్లలు లేరు. ఆ వారమే నా పళ్లెం, చెంబు, పడక పశువుల కొట్టంలోకి వెళ్లాయి. నా తోడికోడలు దూరం నుంచే అన్నం వడ్డించేది. నెల తిరిగేసరికి నా జబ్బు సంగతి ఊరంతా తెలిసింది. చెప్పింది బావే. బోరింగు దగ్గర నేను బిందె పెడితే వెనకవాళ్లు తమ బిందెలు తీసుకుని వెళ్లిపోయేవారు.

పటాన్‌చెరు వచ్చేశాను. పటేల్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని, మందు సీసాలకు మూతలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగులో చేరాను. సర్కారు ఆసుపత్రిలో ఈ జబ్బుకు మందులు ఉచితంగా ఇవ్వడం అప్పుడే కొత్తగా మొదలైంది. నెలకొకసారి సెలవు పెట్టి నగరానికి వెళ్లేదాన్ని. అక్కడి డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, రక్తం ఎనిమిది గ్రాములు కూడా లేదు, జిడోవుడిన్ అనే మందు ఇస్తే ఇంకా పడిపోతుంది, కాబట్టి స్టావుడిన్ ఉన్న మాత్ర ఇస్తున్నానని చెప్పింది. నాకు ఆ పేర్లు నోరు తిరగలేదు. చీటీ మీద తెలుగులో రాయించుకుని రోజూ చదివాను. నన్ను బతికించేవాటి పేర్లు నాకు తెలియాలనిపించింది.

స్టావుడిన్ నన్ను లేపి నిలబెట్టింది. ఏడాదిలో పది కిలోలు పెరిగాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మాత్ర మింగినప్పుడల్లా బావ ముఖం గుర్తు తెచ్చుకునేదాన్ని. దేవుణ్ణి తలచుకోమని పక్క గది ముసలమ్మ చెప్పేది. దేవుడికంటే బావే నాకు ఎక్కువ పనికొచ్చాడు. ఆయన మీద కోపంతో ఒక్క పూట కూడా మందు తప్పలేదు.

ఆరోగ్యం కుదుటపడగానే జోగిపేట రెవెన్యూ ఆఫీసులో విరాసత్‌కు, అంటే వారసత్వం కింద పట్టాకు, దరఖాస్తు పెట్టాను. మామ భూమిలో మా ఆయన వంతు నా పేరున ఎక్కాలని. బావ అడ్డుపడ్డాడు. ఆఫీసువాళ్లు రేపు రమ్మనేవారు, వచ్చే వారం రమ్మనేవారు. అలా మరో ఏడాది గడిచింది.

ఆ ఏడాదిలోనే పాదాలు మండడం మొదలైంది. నిప్పుల మీద నిలబడినట్టు ఉండేది. మా పనేమో ఎనిమిది గంటలూ నిలబడి చేసేది. చెబితే మందు ఆపేస్తారేమోనని డాక్టరమ్మకు చెప్పలేదు. తర్వాత బుగ్గలు లోపలికి పోయాయి. చేతుల మీద నరాలు తాళ్లలా లేచాయి. ఒంట్లో బలం ఉంది, ముఖం మాత్రం చావుకు దగ్గరైన మనిషిదిలా ఉంది.

బావకు అదే కావలసింది. ఒకరోజు ఆఫీసులో క్లర్కు ముందు నా వైపు చెయ్యి చూపించాడు. “మొఖం సూడుండ్రి సార్. ఎన్నాళ్లుంటదని పట్టా జేస్తరు? మళ్ల మా పేరు మీదికి మార్చుడు మీకే పరేషాన్ గాదా?”

క్లర్కు నా ముఖం చూశాడు. ఫైలు పక్కన పెట్టాడు. నేను బయటకొచ్చి, బస్‌స్టాండు దాకా నడిచి, సోడా బండి పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ ముఖం మార్చుకుని మళ్లీ వీడి ముందు నిలబడాలి అనుకున్నాను.

మరుసటి వారం డాక్టరమ్మకు పాదాల మంట సంగతి, బుగ్గల సంగతి చెప్పేశాను.

“ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?” అని కోప్పడింది.

“మందు బంద్ జేస్తరని భయపడ్డ.”

“ఇది స్టావుడిన్‌తోనే వచ్చింది. ఇప్పుడు నీ రక్తం పది దాటింది కాబట్టి జిడోవుడిన్‌కు మార్చొచ్చు. మంట తగ్గుతది. కానీ అది రక్తాన్ని తగ్గిస్తది. మొదట్ల వాంతులైతయి. ఎనిమిది కిందికి పోతే మళ్ల ఆలోచించాలె.”

“మొఖం మంచిగైతదా?”

“జెర జెర వస్తది. పోయినదంతా రాదు.”

“జెర వచ్చినా చాలు మేడమ్. ఒకనికి సూపియ్యాలె.”

ఆమె నన్ను ఒక క్షణం చూసి మందు రాసింది.

కొత్త మందు నన్ను బాగా ఏడిపించింది. మొదటి నెల తిన్నది తిన్నట్టు బయటకొచ్చేది. తల బద్దలయ్యేది. గోళ్లు నల్లబడ్డాయి. కంపెనీ మెట్లెక్కితే ఆయాసం. పది ఉన్న రక్తం తొమ్మిదికి, అక్కడి నుంచి ఎనిమిదిన్నరకు దిగింది. ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు నిజంగా భయమేసింది. ఒక మందు నా పాదాలను, ముఖాన్ని తీసుకుంది. ఇది రక్తాన్ని అడుగుతోంది. రెండింటిలో ఏదీ చెడ్డది కాదని, రెండూ నన్ను బతికించినవేనని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం రెండింటినీ తిట్టుకున్నాను.

మూడో నెల రక్తం ఆగింది. తర్వాత నెమ్మదిగా పైకి కదిలింది. పాదాల మంట సగం తగ్గింది. ఏడాది దాటాక బుగ్గల మీద కాస్త కండ కనిపించింది. అప్పుడు ఎర్రంచు చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని జోగిపేట వెళ్లాను. బావ అక్కడే ఉన్నాడు. నన్ను చూసి, పలకరించబోయి, ఆగిపోయాడు.

అప్పటికి కొత్త అధికారి వచ్చాడు. నేను ఎంతో కష్టపడి తెచ్చుకున్న ముఖాన్ని ఆయన తలెత్తి కూడా చూడలేదు. కాగితాలు చదివాడు. “ఈమె భార్యేనా?” అని బావనే అడిగాడు. “అవును సార్, గని...” అన్నాడు బావ. “గని ఏంది?” అని ఆయన సంతకం పెట్టేశాడు. ఎకరన్నర నాదైంది.

అక్కడితో ఆగలేదు నేను. బావకు, గట్టు పక్క రైతుకు పదేళ్లుగా పగ. బావ గట్టు జరిపాడని ఇద్దరూ కొట్టుకుని స్టేషన్ దాకా వెళ్లారు. నా భూమి ఆ రైతుకే కౌలుకిచ్చాను. బావ ఇంటి నుంచి తన పొలానికి వెళ్లే దారి నా చెలక పక్కనుంచే పోతుంది. రోజూ శత్రువు నాగలిని చూడాలని కావాలనే ఇచ్చాను.

ఆ వానాకాలం నా తోడికోడలు పటేల్‌గూడ వచ్చింది. గదిలో నా గ్లాసులో నీళ్లిస్తే తాగింది. అది గమనించాను.

“ఆయన బుక్కెడు బువ్వ తింటలేడు చెల్లె. ఆ భూమి మాకే ఇయ్యరాదా? కౌలు మేమే ఇస్తం.”

“ఇయ్య.”

“ఆయన మాటకు ఎదురు జెప్పలేక నిన్ను కొట్టంల పెట్టిన. గప్పుడు చాటుగ నీకు పెరుగు దెచ్చిచ్చేదాన్ని. యాదికి లేదా?”

“యాదికుంది అక్కా. గందుకే నీకు నీళ్లిచ్చిన. ఆయనొస్తే అవి గూడ ఇయ్య.”

ఆమె ఏడ్చింది. బస్సు దాకా తోడు వెళ్లాను. ఆమెకు నేను అన్యాయమే చేశానని నాకు తెలుసు. ఆమె పెరట్లో కూరగాయలకు నా చెలక గుండా పోయే కాలువ నుంచే నీళ్లు పారేవి. కౌలుదారు ఆ కాలువ మూసేశాడు. తెరిపించమని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

తర్వాత బావ ఆ దారి మానేశాడట. ఊరి వెనక నుంచి కిలోమీటరు చుట్టూ తిరిగి పొలానికి పోతున్నాడని కౌలుదారు ఫోన్‌లో చెప్పాడు. ఎండలో గొడుగు కూడా లేకుండా పోతున్నాడా అని అడిగాను. అవునన్నాడు. ఆ రోజు అన్నం చాలా రుచిగా అనిపించింది.