కమలమ్మ ఇంటి పీపీ నెంబరు

గిర్మాజీపేటలోని తన కిరాణా దుకాణానికి ఫోను వచ్చేసరికి, దానికి దరఖాస్తు పెట్టుకున్న సంగతి పాండురంగమే మరిచిపోయాడు. 1979 ఎండాకాలంలో లైన్‌మెన్లు వచ్చి, స్తంభం మీంచి తీగ లాగి, గల్లాపెట్టె పక్కన నల్లటి ఫోను పెట్టి పోయారు. ఆ గల్లీలో అదే మొదటిది. వ్యాపారం కోసం తెప్పించుకున్నది పాండురంగమే అయినా, ఆయన రోజులో సగభాగం సరుకు కోసం స్టేషన్ రోడ్డులో తిరిగేవాడు. ఫోను ఎత్తేది ఆయన భార్య కమల.

జనగామ దగ్గరి పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, పెళ్లయి వరంగల్ వచ్చిన మనిషి ఆమె. అప్పటి నుంచి దుకాణం వెనక గదుల్లో వంట, చెరగడం, పొట్లాలు కట్టడం. గల్లీలో అందరూ "పాండురంగం పెండ్లాం" అనేవాళ్లు. ఫోను వచ్చాకే ఆమె పేరు నలుగురికీ తెలిసింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ చుట్టాలకు ఆ నెంబరే ఇచ్చి, పక్కన "పీపీ, కమలమ్మ" అని, అంటే పిలిపించి మాట్లాడించే పక్కింటి ఫోను అని, రాయించారు. ట్రంకాల్ వస్తే కమల కొంగు నడుముకు దోపుకొని గల్లీలోకి ఉరికేది. "అక్కా, నీ తమ్ముడు లైన్ల ఉన్నడు, జల్ది రా!" వానలో కూడా అలాగే ఉరికేది. ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు. జనం తనను వెతుక్కుంటూ రావడమే ఆమెకు చాలు.

వచ్చినవాళ్లు గల్లాపెట్టె దగ్గర నిలబడి మాట్లాడేవాళ్లు. కమల పక్కనే చక్కెర తూస్తూ ఉండేది. మొదట్లో అక్కడ ఉంది కాబట్టి వినేది. తర్వాత తర్వాత వినడానికే అక్కడ ఉండేది.

రాజేశ్వర్ రావు ఒక పాలపొడి కంపెనీ మనిషి. నెలకోసారి స్కూటర్ మీద వచ్చి, పసిపిల్లల పాల డబ్బాలు ఎన్ని అమ్ముడుపోయాయో చూసుకునేవాడు. మర్యాదస్తుడు. కమలను అక్కా అనేవాడు.

"గల్లీల ఎవరికన్న చిన్న పిల్లలున్నరా అక్కా? ఒక డబ్బా ఊకెనే ఇస్త, వాడి చూస్తరు" అని ఒకసారి అడిగాడు.

"ఎనుకింటి మొగిలమ్మకు మనుమరాలు పుట్టింది. ఫోను గీడికే వచ్చింది" అంది కమల.

ఆ సాయంత్రమే మొగిలమ్మ ఇంటికి డబ్బా, ఒక గిలక్కాయ, బొద్దు పిల్లాడి బొమ్మ ఉన్న క్యాలెండరు వెళ్లాయి. మొగిలమ్మ మురిసిపోయింది. తన నోటి మాటతో ఒక ఇంట్లో సంతోషం కలిగిందని కమల కూడా మురిసింది.

అప్పటి నుంచి అతను వచ్చినప్పుడల్లా అడిగేవాడు, ఆమె చెప్పేది. ఎవరికి ఎన్నో నెల, పుట్టినింటికి ఎప్పుడు పోతారు, మొగపిల్లాడా ఆడపిల్లా, మామూలు కాన్పా ఆపరేషనా. అతను చొక్కా జేబులోంచి కాగితం తీసి రాసుకునేవాడు. ఒకనాడు ఆమెకు ఒక థర్మాస్ ఫ్లాస్కు తెచ్చి ఇచ్చాడు.

"గిదెందుకు తమ్మీ?"

"ఉండనీ అక్కా. డబ్బాలు మా కంపెనోళ్లు ఎన్నన్న చేసుకుంటరు. పేర్లు ఎట్ల చేసుకుంటరు? నువ్విచ్చే పేర్లు హైదరాబాద్ ఆఫీసు దాకా పోతయి."

తన మాట హైదరాబాద్ దాకా పోతుందంటే కమలకు గర్వమనిపించింది. అక్కడ ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు అని ఆమె అడగలేదు.

మూడిళ్ల అవతల సమ్మమ్మ ఉండేది. ఆమె కొడుకు సారంగపాణి బట్టల మిల్లులో పనిచేసేవాడు. అతని భార్య నిర్మలది మరిపెడ. నోట్లో నాలుక లేని పిల్ల. 1983లో ఆమెకు నెలలు నిండుతున్నప్పుడు తల్లి మరిపెడ నుంచి అప్పుడప్పుడు ఫోను చేసేది. నిర్మల గోడవైపు తిరిగి, రిసీవరు చుట్టూ కొంగు కప్పుకొని మాట్లాడేది. ఒకరోజు ఆమె ఏడుస్తున్నట్టు కమలకు అనిపించింది. చక్కెర తూయడం ఆపి చెవి పెట్టింది.

"ఒంట్ల బలం లేదే అవ్వా. పాలు పడకపోతే పిల్లగాడు ఎట్ల బతుకుతడు? మా అత్తమ్మకు చెప్పకు, రంధి పెట్టుకుంటది."

కమలకు ఆ పిల్ల మీద జాలి కలిగింది. ఆ నెల రాజేశ్వర్ రావు వచ్చినప్పుడు ఆ జాలితోనే అతనికి చెప్పేసింది. నిర్మల పుట్టినింటికి పోతోందని, మూడో నెలలో బిడ్డతో తిరిగి వస్తుందని కూడా చెప్పింది.

మరిపెడ నుంచి ఒక పొద్దున కబురు వచ్చింది, కొడుకు పుట్టాడని. కమల గల్లీ అంతా వినేలా అరుస్తూ సమ్మమ్మ ఇంటికి పోయింది. మధ్యాహ్నం రాజేశ్వర్ రావు స్కూటరు ఆగితే, అతనికీ చెప్పింది.

మూడోనాడు మళ్లీ ఫోను. ఈసారి నిర్మల అన్న మాట్లాడాడు. పిల్లాడికి పొద్దున ఊపిరి ఆగిపోయిందట. ఆ మూడిళ్ల దూరం కమల చాలా మెల్లగా నడిచింది. సమ్మమ్మ ఆమె భుజం మీద పడి ఏడ్చింది, కమల కూడా ఏడ్చింది. రెండు రోజులు వాళ్లింటికి తన ఇంట్లోనే వండి పంపింది.

తర్వాతి నెల రాజేశ్వర్ రావు వచ్చి, "ఈ నెల ఎవరక్కా?" అని అడిగాడు. కమల కొత్తగా రెండు పేర్లు చెప్పింది. నిర్మల కొడుకు సంగతి ఆమె నోటిదాకా రానేలేదు. పుట్టినవాళ్ల గురించి చెప్పడమే ఆమెకు అలవాటు. పోయినవాళ్ల గురించి అతను ఏనాడూ అడగలేదు.

మూడు నెలలయ్యాక నిర్మల ఒట్టి చేతులతో అత్తగారింటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం కమల చారు గిన్నె పట్టుకొని పోయి, ఆమె పక్కన కూర్చుంది. నిర్మల చాలాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా, మరిపెడలో ఈసారి మిరప తోటలు బాగున్నాయని ఏదో అంది. ఆమె నోరు విప్పిందని కమల లోలోపల సంతోషపడింది. అంతలో బయట స్కూటరు ఆగింది.

"నమస్తే అమ్మా! సారంగపాణి గారి ఇల్లు గిదే గదా?" రాజేశ్వర్ రావు గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో డబ్బా, చేతిలో గిలక్కాయ. "మీరు మరిపెడ నుంచి వచ్చే టైమని గుర్తు పెట్టుకొని వచ్చిన. మా కంపెనీ తరఫున బాబుకు మొదటి కానుక. ఏడి, పండుకున్నడా?"

కమల లేచి నిలబడింది. "తమ్మీ, నువ్వు దుకాణం కాడికి పో. నేనొస్త."

"ఒక్క నిమిషం అక్కా" అని అతను నిర్మల వైపు తిరిగాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు. "బలం లేదని, పాలు పడయేమోనని మీరు ఫికర్ చేసిన్రట గదమ్మా. అక్క అప్పుడే చెప్పింది. ఇగ జర గూడ ఫికర్ వద్దు..."

సమ్మమ్మ వంటింట్లోంచి వచ్చింది. "పిలగాడు లేడు బిడ్డా. పుట్టిన మూడో నాడే పోయిండు."

అతని చేతిలో గిలక్కాయ చిన్నగా మోగింది. మోగకుండా దాన్ని గట్టిగా పిడికిట్లో పట్టుకున్నాడు. దండం పెట్టి వెళ్లిపోయాడు. స్కూటరు చప్పుడు గల్లీ చివరి దాకా వినబడింది.

నిర్మల ఏడవలేదు. కమల ముఖంలోకి చూసింది.

"అత్తా, అది నేను మా అవ్వతోటి మెల్లగ చెప్పుకున్న మాట. గది గూడ చెప్పినవా?"

"మంచికే అనుకున్న బిడ్డా. ఆయన టానిక్ ఏమన్న ఇప్పిస్తడేమోనని..." అంది కమల.

"ఇంకేం చెప్పినవ్?"

కమల గుర్తు చేసుకోవాలని చూసింది. నిర్మల గురించి ఇంకేం చెప్పింది? మొగిలమ్మ ఇంటి గురించి ఏం చెప్పింది? పక్క గల్లీ వాళ్ల గురించి? నాలుగేళ్లుగా ఎవరెవరి ఇంటి మాటలు అతనికి ఇచ్చిందో ఆమెకే తెలియలేదు. తల దించుకొని, చారు గిన్నె అక్కడే వదిలి వచ్చేసింది.

పాండురంగం అంతా విని, "గండ్ల తప్పేమున్నది? పాపం, ఆయన తెల్వక వచ్చిండు" అన్నాడు.

"ఆయనకు తెల్వదు. నాకు తెల్సు గదా" అంది కమల. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

వారం తర్వాత రాజేశ్వర్ రావు దుకాణం మెట్టు కిందే నిలబడి, "నాతోటి తప్పైందక్కా. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పేరు కొట్టేస్తుంటి" అన్నాడు. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. కమల చేతిలోని పొట్లం గల్లాపెట్టె మీద పెట్టింది.

"ఇగ నన్నేం అడగకు తమ్మీ."

"సరే అక్కా. నువ్వు గాకుంటే ఇంకెవరన్న చెప్తరు." ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్న మాట అన్నాడు. ఆమె ఫ్లాస్కు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను వద్దనకుండా తీసుకుపోయాడు.

అప్పటి నుంచి ఎవరైనా ఫోను దగ్గరికి వస్తే కమల దుకాణం వదిలి రోడ్డు మీదికి పోయి నిలబడేది. వాళ్లు బయటికి వచ్చాకే లోపలికి పోయేది. "గల్ల పెట్టె మా మీద ఇడిచిపెట్టి పోతవేందే?" అని కొందరు నవ్వేవాళ్లు. సంగతి తెలిసినవాళ్లు నవ్వలేదు. మొగిలమ్మ ఒకసారి దారిలో ఆపి, "నా మనుమరాలి సంగతి గూడ నువ్వే చెప్పినవా?" అని అడిగింది. కమల అవునంది. "పోనీతియ్, డబ్బా మంచిగనే ఉండె" అని మొగిలమ్మ వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది కమలకు. నిర్మల మాత్రం మళ్లీ ఆ ఫోను ముట్టలేదు. ఎండైనా వానైనా పోస్టాఫీసు దాకా నడిచి పోయేది.

1986 చలికాలంలో ఒక పొద్దున కమల ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే, దండెం మీద చిన్న చిన్న గుడ్డలు ఆరేసి కనిపించాయి. అక్కడే ఆగిపోయింది. మరిపెడలో కాన్పయింది, తల్లీ బిడ్డా వచ్చేశారు, గల్లీలో అందరికీ తెలుసు. ఆమె చెవిన ఎవరూ వేయలేదు.

పోవాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, ఆఖరికి పోయింది. సమ్మమ్మ లోపలికి రమ్మంది. నిర్మల ఛాయ్ తెచ్చి ఇచ్చి, బిడ్డను ఒడిలో వేసుకొని, ముఖం మీద కొంగు కప్పి, ఎదురుగా కూర్చుంది. పాపో బాబో, ఎన్ని రోజులయిందో, ఏం పేరు అనుకున్నారో అడగాలని కమలకు నోటిదాకా వచ్చింది. అడగలేదు. నిర్మల చెప్పలేదు. మంచు ఎక్కువగా ఉందని సమ్మమ్మ అంటే, అవునంది. ఛాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఒస్త బిడ్డా" అంది.

"మంచిది అత్తా" అంది నిర్మల, బిడ్డ ముఖం మీది కొంగు తీయకుండానే.