ఎర్రమేక ఒళ్లు విదిలించిన రోజు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ని. దయ్యం పొరపాటున నా బుర్రలో దూరినా, కూర్చోవడానికి అక్కడ పీట కూడా దొరకదని నా భార్య అంటుంది. నిజమే. నేను చెప్పబోయేది ఒక మేక ముచ్చట. నా కళ్ల ముందు జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కొత్తకోట దగ్గర, హైవేకు కొంచెం లోపలున్న ఒక ఫారంలో పనికి కుదిరాను. అక్కడ మేకలను పాలకూ కాదు, మాంసానికీ కాదు, నెత్తురు కోసం పెంచుతారు. మేకకు ఏదైనా ప్రొటీన్‌ను సూదితో ఎక్కిస్తే, దాన్ని పట్టుకునే యాంటీబాడీ నెత్తురులో తయారవుతుంది. మెడ దగ్గర కొంచెం నెత్తురు తీసి, ల్యాబ్‌లో ఆ యాంటీబాడీని వేరు చేస్తారు. మేక మళ్లీ మేతకు పోతుంది.

మాది మేకలు కాసే ఇల్లు. మా దగ్గర దేవుడికి మేకను ఇచ్చే ముందు వీపు మీద నీళ్లు చల్లుతారు. ఒళ్లు విదిలిస్తేనే అది ఒప్పుకున్నట్టు. ఫారంలో నెత్తురు తీసే ముందు కూడా నేను నీళ్లు చల్లేవాణ్ని. అందరూ నవ్వేవారు. నీళ్లు పడితే ఏ మేకైనా విదిలిస్తుందని నాకూ తెలుసు. అయినా అడగకుండా నెత్తురు తీయడం నాకు చేతకాలేదు. అందులో ఒక ఎర్రమేక నీళ్లు పడీపడకముందే విదిలించి, నా మొఖమంతా తడిపేది.

ఆ ఏడే మా బాపు కడుపులో గడ్డ ఉందని దవాఖానలో తేలింది. వెంటనే ఆపరేషన్ చేస్తే బతుకుతాడు, ఆలస్యమైతే కష్టమన్నారు. బాపు అచ్చంపేట అడవి అంచున మేకలు కాసి ముసలైన మనిషి. “కత్తంటెనే నాకు ఎగటయిందిరా. వచ్చిన నాడు పోత, కొయ్యనియ్య” అన్నాడు. బతిమాలాను, ఏడ్చాను, నవ్వించాను. కదల్లేదు. ల్యాబ్ మేడం చెబితే వింటాడేమోనని ఒకరోజు ఫారానికి తీసుకొచ్చాను.

మేడం ఓపికగా చెప్పింది. ఒంట్లో ప్రతి కణానికీ ఒక సమయం ఉంటుందట. అది రాగానే కణం తనంతట తానే సర్దుకొని పోతుందట. అప్పుడు దాని లోపల కాస్పేస్ అనే ప్రొటీన్ మేల్కొంటుంది. ఎర్రమేక నెత్తురులోని యాంటీబాడీ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. కండ ముక్క మీద వేసి చూస్తే, పోతున్న కణాలేవో రంగు తేలి కనబడతాయి. పోవలసినవి పోకుండా మొండికేస్తే గడ్డ కడుతుంది.

బాపు ఎదురుగా నిలబడ్డ ఎర్రమేకను ఎగాదిగా చూశాడు. తర్వాత, “అంటె గా గడ్డ, నీళ్లు జల్లినా ఒళ్లు దులుపని మ్యాకన్నట్టు” అన్నాడు.

“అంతే, పెద్దాయనా” అంది మేడం.

బాపు చెంబు పట్టుకొని లేచాడు. “దీన్నే అడుగుత. ఇది దులిపితె కడుపు కోపిచ్చుకుంట. లేకుంటె ఇంటికి పోత.” ఎర్రమేక మీద నీళ్లు చల్లాడు.

అది కదల్లేదు. నీళ్లు వీపు మీంచి కారిపోతున్నాయి. తోక కూడా ఆడలేదు. మళ్లీ చల్లాడు. రాయిలా నిలబడింది. బాపు మాటంటే మాటే. ఇప్పుడు బస్సెక్కాడంటే ఇక ఏ దవాఖాన గడపా తొక్కడు.

“బాపు, దానికి చెవుడే” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడది మెల్లగా నడిచి వచ్చి, బాపు ఎడమ డొక్కకు నొసలు ఆనించింది. గడ్డ ఉన్నది అక్కడే. పైకి ఉబ్బు లేదు. అంగీ జేబులో మేత లేదు. గడ్డ ఏ పక్కనుందో నేను మేడంకు కూడా చెప్పలేదు. కాసేపు అట్లాగే ఉండి, కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించింది. బాపు అంగీ తడిసిపోయింది.

“సరే, పోదాం పా” అన్నాడు బాపు.

ఆపరేషన్ అయింది. ఇప్పటికీ మేకల వెంట తిరుగుతూనే ఉన్నాడు. యాంటీబాడీ నెత్తురులో ఉన్నంత మాత్రాన మేకకు ఏమీ తెలియదని, బహుశా వాసన పట్టిందేమోనని మేడం అంది. వాసనే అనుకుందాం. కానీ ఆ రోజు తర్వాత ఎర్రమేక మళ్లీ ఎన్నడూ ఒళ్లు విదిలించలేదు. వానలో తడిసినా అట్లాగే నిలబడి ఆరేది. రోగమేమీ లేదని పశువుల డాక్టర్ చెప్పాడు.

మొన్న బాపును ఉడికిద్దామని, “కన్నకొడుకు కాళ్లు మొక్కితె ఇనలే, మ్యాక జెప్తె ఇన్నవ్” అన్నాను.

“అది చెప్పే ముందుగాల జర సేపు ఆలోచన జేసిందిరా. నువ్వెన్నడన్న జేసినవా?” అన్నాడు.