యూనివర్సిటీ పేరా, సబ్జెక్టు పసా?

రిటైర్మెంటుకు ముందటి విద్యా సంవత్సరం, జూన్‌లో, ఎల్లారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్న నాకు కెరీర్ గైడెన్స్ సెల్‌ను అదనపు బాధ్యతగా అప్పగించారు. అదనపు బాధ్యత అంటే పని పెరుగుతుంది, కుర్చీ పెరగదు. నా కెరీర్ ముగిసే వేళ పిల్లల కెరీర్లకు దారి చూపమన్నారన్నమాట.

మొదట వచ్చింది మౌనిక. మా దగ్గరే బీయస్సీ చదివింది. గాంధారి దగ్గరి రైతు సాయిలు కూతురు. విత్తన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయాలని దరఖాస్తు పెడితే విదేశాల్లో రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి లోకమంతా ఎరిగిన యూనివర్సిటీ. కాకపోతే అక్కడ విత్తనాల మీద రెండు పేపర్లే, మిగతాదంతా సాధారణ జీవశాస్త్రం. రెండోదాని పేరు పలకడానికి నాకే నోరు తిరగలేదు. కానీ విత్తన పరీక్షలకు సొంత ల్యాబు ఉంది, చివరి సెమిస్టరంతా కంపెనీలో పని. ఆ వారంలోగా ఏదో ఒకటి ఒప్పుకోవాలి. రెండోదానికైతే పంపనని సాయిలు పట్టు.

తెలియని ప్రశ్నకు 'రేపు చెబుతా' అనడం లెక్చరర్ల పాత విద్య. ఆ రేపటి కోసం తండ్రీకూతుళ్లిద్దరినీ కామారెడ్డి తీసుకెళ్లాను. నా పాత విద్యార్థి శ్రీనివాస్ అక్కడ సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాడు. హాలెండ్‌లో ఒక విత్తన కంపెనీలో ఉద్యోగం. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటాడు.

ఏ సబ్జెక్టు వాళ్లనైనా తీసుకునే పెద్ద కంపెనీలు మొదటి వడపోతలో యూనివర్సిటీ పేరు చూస్తాయన్నాడు. తమలాంటి చోట మాత్రం ట్రాన్స్‌క్రిప్ట్, అంటే పేపర్లవారీ మార్కుల పత్రం తెరిచి, ఏ ల్యాబులో ఏం చేశారో అడుగుతారట.

సాయిలు కరగలేదు. "ఊర్ల అడుగుతరు సార్. నోరు తిరగని పేరైతే ఏమని చెప్పాలె?"

"బర్రెను కొనేటప్పుడు అంగడి పేరు చూస్తవా బాపు, పాలు పిండి చూస్తవా?" అంది మౌనిక.

"రెండూ చూస్త. ముందుగాల పేరున్న అంగడికే పోత గద."

"పోతవు. పాలియ్యకపోతే కొంటవా మరి?"

సాయిలు ఆమెను వదిలి శ్రీనివాస్ వైపు తిరిగాడు. "పటేలా, నీ తానికి వస్తే ఏ పిల్లను తీసుకుంటవ్?"

"రెండో దాంట్ల చదివినామెను, కాకా. మొదటి దాంట్ల చదివొస్తే మేం మళ్ల నేర్పియ్యాలె."

సాయిలు చాయ్ పూర్తిగా తాగాడు. "గట్లయితే గదే రాయి బిడ్డ. ఊరోళ్లకు నేను చెప్పుకుంట."

చదువయ్యాక మౌనికకు ఒక విత్తన పరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఆ జూన్‌లోనే ఆమె తర్వాత నా దగ్గరికి వచ్చిన అబ్బాయి మేనేజ్‌మెంటు వైపు వెళ్తానన్నాడు. అతనికి పేరున్న యూనివర్సిటీయే చెప్పాను. రిటైరయ్యాక ఇప్పటికీ, విదేశాల్లో యజమానులు ఏం చూస్తారని ఎవరైనా అడిగితే, ఏ యజమాని అని ముందు నేను అడుగుతున్నాను.